వచ్చేవాళ్ళ కంచం

ఎలీశమ్మకి పిల్లల్లేరు. ఇంట్లో మాత్రం ఎప్పుడు చూడు ముప్పైమందికి తక్కువ ఉండరు. అదేం చిత్రం అంటారా, చెబుతా. ఒలిచేది ఆపమాకండి, వింటా ఒలవండి, శెనక్కాయలు గుట్ట గుట్టగానే ఉన్నాయి. ఇసకపాలెంలో సరుగుడు తోటల పక్కన ఆమెదో పెంకుటిల్లు. తల్లీతండ్రీ లేని పిల్లలు, ఉండీ సాకలేనోళ్ళ పిల్లలు, అందరూ అక్కడే. అందరికీ ఆమె పెద్దమ్మ. ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉందనుకోండి. అన్నానికి కూర్చున్నప్పుడు బంతి చివర ఒక ఖాళీ కంచం పెడతారు. ఏ పిల్లా పిల్లోడూ మొదటి ముద్ద తన నోట్లో పెట్టుకోకూడదు, ఆ కంచంలో పెట్టాలి. అది వచ్చేవాళ్ళ కంచం. ఎవరొస్తారో తెలీదు, ఎప్పుడొస్తారో తెలీదు. వచ్చినోళ్ళకి మాత్రం 'మాకుందా' అని అడగాల్సిన పని ఉండకూడదంట. ఎవరూ రాకపోతే ఏం చేస్తారని నేనూ అడిగాను. ఇంట్లో అందరికన్నా పెద్దోడు తింటాడంట. అందుకే ఆ ఇంట్లో పిల్లలకి పెద్దోళ్ళవ్వాలని తెగ తొందరంట.

నేను ఆ గడప తొక్కింది మా అమ్మాయి భార్గవిని తీసుకుని. వాళ్ళ నాన్న సముద్రం మీద వేటకి పోయాడు, పడవొచ్చింది, మనిషి రాలా. ఆ సంగతి మీకు తెలిసిందే. అప్పట్నించీ పిల్ల నోరు తెరవలేదు. నాకు చీరాల్లో భోజనం హోటల్లో అంట్లు తోమే పని దొరికింది. పడుకునేది కూడా ఆ హోటలు వెనక వసారాలోనే, ఆడపిల్లని అక్కడెట్టా పెట్టుకోను. ఇసకపాలెం చేరేసరికి పొద్దుగూకింది. అప్పటికే వాళ్ళ అన్నాలైపోయినయ్యి. పెద్దమ్మ ఏ ఊరు, ఏ కులం, ఏమీ అడగలా. ఇంకా ఎవరూ ముట్టని ఆ కంచం తెచ్చి పిల్ల ముందు పెట్టింది. ఒక ముద్ద పెద్దది, ఒకటి చిన్నది, ఒకదాంట్లో పప్పెక్కువ, ఒకదాంట్లో ఉత్త పచ్చడే. పిల్ల తింది. నేను దాన్ని అక్కడ వదిలేసి వచ్చాను. వారం వారం పోయి చూసొచ్చేదాన్ని. పోను పోను అక్కడి పిల్లలతో మాట్లాడతంది, ఆడుకుంటంది. నేను కనపడితే మాత్రం గోడకేసి చూస్తది. కానీలే అనుకున్నా. బాగుంటే చాలనుకున్నా.

ఏమైందంటే, రెండేళ్ళకి తుఫాను వచ్చిందా, సరుగుడు చెట్టు విరిగి ఇంటి మీద పడింది. పిల్లల్ని ముందే బళ్ళోకి తోలారు కాబట్టి సరిపోయింది. పెంకు పోయింది, వంటింటి గోడ పోయింది, గోడ కింద ఆ కంచం నలిగి అప్పడమైంది. పిల్లల సంగతి చూసే గవర్నమెంటు ఆఫీసరొచ్చి చూశాడు. పైకప్పు లేని చోట పిల్లల్ని ఉంచనివ్వనమ్మా, నెలాఖరుకి బాగు చేయించుకుంటే సరే, లేకపోతే తలా ఒక ఊరి హాస్టలుకి పంపించేస్తానన్నాడు. ఆయన తప్పేం లేదు. రేపు ఏదన్నా పడితే ఆయన్నే అడుగుతారు. నేను పోయేసరికి పిల్లలు మూటలు కట్టుకుంటన్నారు. మా భార్గవి మూట మీద కూర్చుని ఉంది. నన్ను చూసి అప్పుడు నోరు తెరిచింది, అన్నాళ్ళకి. ఏమందనుకున్నారు. 'ఈసారి ఎక్కడ వదులుతావు?' అంది.

సుబ్బులూ, ఆ గంప ఇటు జరుపు.

ఆఁ. నేను పోయి పెద్దమ్మ కాళ్ళ దగ్గర కూర్చున్నా. నువ్వు పెంచినోళ్ళు ఊరూరా ఉన్నారంట గదమ్మా, ఒక్కరికి కబురు పెట్టరాదా అన్నా. 'పెట్టను శేషమ్మా' అంది. 'కోడి పిల్లల్ని రెక్కల కింద దాచుకునేది, రేపు గింజలేరి పెడతాయనా?' అంది. అంతే. పంతం మనిషి. పోనీ నేనే అడుగుదామంటే వాళ్ళెవరో, ఎక్కడుంటారో నాకేం తెలుసు.

ఇంక వినండి. మర్నాడు మధ్యాహ్నం హోటల్లో జనం కిటకిటలాడతన్నారు. పక్క వీధిలో మేడ కడతన్నారు, ఆ తాపీ పనోళ్ళంతా మా దగ్గరే తినేది. నేను బకెట్టు పట్టుకుని ఎంగిలాకులు తీస్తన్నా. ఒక కుర్రోడు, మోచేతుల దాకా సిమెంటు, అన్నం కలిపి మొదటి ముద్ద ఆకు చివర పెట్టాడు. పెట్టి, అప్పుడు తినడం మొదలుపెట్టాడు. పక్కనోడు 'రోజూ పెడతావేందిరా, కాకికా?' అన్నాడు. ఇంకోడు 'కాక్కి కాదెహె, కాబోయే పెళ్ళానికి. పాపం ఎప్పుడొస్తదో, ఎండిపోతంది ముద్ద' అన్నాడు. నవ్వుకుంటన్నారు. ఆ కుర్రోడూ నవ్వాడు, ముద్ద మాత్రం తియ్యలా. బకెట్టు కింద పెట్టి దగ్గరికి పోయి, 'బాబూ, అది వచ్చేవాళ్ళదా?' అన్నా. నోట్లో ముద్ద నోట్లోనే ఉంది, లేచి నుంచున్నాడు. 'పెద్దమ్మకేమైంది?' అన్నాడు. చూశారా, నేనెవరని కూడా అడగలా. వాడి పేరు ఏసోబు. చెట్టు, కప్పు, కంచం, నెలాఖరు, మా పిల్ల అన్న మాట, అంతా చెప్పా. వాడు చెయ్యి కడుక్కుని ఫోను తీశాడు.

తెల్లారి పెద్దమ్మ తలుపు తీసేసరికి ఏసోబు వాకిట్లో ఇసక జల్లిస్తన్నాడంట. 'ఎవరు పిలిచార్రా నిన్ను?' అందంట. ఎవరూ పిలవలా పెద్దమ్మా, పని లేక వచ్చా అన్నాడంట. 'పని లేనోడివి తాపీ ఎందుకు తెచ్చావు?' 'చేతికి అలవాటు' అన్నాడంట. వాడి వెనకే నాగేంద్రమని లారీ తోలేవాడు ఇనప రేకులేసుకుని దిగాడు. ఇదేందిరా అంటే, లారీ దానంతటదే ఇటు తిరిగింది, నేనేం చేసేది అంటాడంట. హసీనా అని ఒంగోల్లో నర్సు, సెలవు పెట్టి వచ్చి కొంగు బిగించి ఇటుకలు మోసింది. మధ్యలో ఖాళీ దొరికితే పిల్లల్ని కూర్చోబెట్టి తలలో పేలు చూసేది. ఆ ఇంట్లో పెరిగినోళ్ళు ఇంకా ఎవరెవరో వచ్చారు. గోడ లేచింది, కప్పు పడింది. నెలాఖరుకి ఆఫీసరొచ్చి పైకి చూసి, చుట్టూ తిరిగి చూసి, సరే అన్నాడు. గ్లాసుడు మజ్జిగ తాగి పోయాడు.

ఆ సాయంత్రం కొత్త నేల మీద బంతి. నేనూ పోయాను, గడప బయట నుంచున్నా. అందరూ కూర్చున్నాక పెద్దమ్మ, అయ్యో, వచ్చేవాళ్ళ కంచం లేదే అంది. ఏసోబు సంచిలోంచి కొత్త స్టీలు కంచం తీశాడు. గిన్నెల కొట్టాయన, కంచం మీద ఎవరి పేరు కొట్టమంటావని అడిగితే వీడు 'ఆ మనిషి ఇంకా రాలేదండీ' అన్నాడంట. ఆయన వీణ్ణి పైనుంచి కిందదాకా చూశాడంట. ఆ కంచం కింద పెట్టాడో లేదో, నాగేంద్రం లారీలోంచి ఇంకోటి తెచ్చాడు. హసీనా ఒకటి తీసింది. ఒకళ్ళకి తెలీకుండా ఒకళ్ళు, తలా ఒకటి. నేను అన్ని మాటలు చెప్పానా, అందరి మనసులో పడింది మాత్రం కంచం నలిగిందన్న మాటంట. సూరత్తులో మగ్గం పని చేసేవాడొకడు, రాలేక, కంచాన్ని బస్సులో పంపాడు. అన్నీ వరసగా పెడితే పిల్లల బంతికి ఎదురు ఇంకో బంతి తయారైంది. పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, 'ఇంతమందిని నేను యాడ్నించి తేనురా?' అంది. పిల్లలు పడీ పడీ నవ్వారు. వీళ్ళేమో సిగ్గుతో తలలు దించుకున్నారు. ఆమె కాసేపు ఆ కంచాల వంక చూసింది. చూసి, 'వచ్చినోళ్ళకేగా కంచం. మీరు వచ్చారుగా. కూర్చోండి' అంది. అంతంత మనుషులు, మోకాళ్ళు మడుచుకుని పిల్లల ముందు కూర్చున్నారు. పిల్లలు లేచి ఒక్కొక్కరే మొదటి ముద్ద తీసుకొచ్చి వాళ్ళ కంచాల్లో పెట్టారు. నాగేంద్రం ఇంత మీసం వేసుకుని కళ్ళు తుడుచుకుంటన్నాడు. ఏందిరా అంటే పచ్చడి కారంగా ఉందన్నాడు. వాడి కంచంలో ఉంది పెరుగన్నం.

సూరత్తోడి కంచం ఒకటి మిగిలింది. అందరూ దాని వంకే చూస్తన్నారు. మా భార్గవి ముద్ద పట్టుకుని లేచింది. పోయి ఆ కంచంలో పెట్టింది. పెట్టి గోడకేసి చూడలా. నా వైపు చూసింది. 'అమ్మా, రా. చల్లారిద్ది' అంది.

తిన్నా. ఏం కూరో గుర్తులేదు.

అదీ సంగతి. పిల్ల ఇప్పుడు అక్కడే ఉండి ఇంటరు చదువుతంది, సెలవులకి నా దగ్గరికొస్తది. ఏసోబు ఇంకా మా హోటల్లోనే తింటాడు. వాణ్ణి ఏడిపించడానికని పక్కనోళ్ళు కూడా ఆకు చివర ముద్ద పెట్టడం మొదలుపెట్టారు, ఇప్పుడు వాళ్ళకీ అదే అలవాటైంది. నేనూ పెడతా, ఇప్పుడు తీసుకున్న నా అద్దెగదిలో. నా గదికి ఎవరొస్తారంటారా. పిల్లి వస్తంది. బాగా బలిసింది కూడా. తిననీయండి, అదీ వచ్చిందేగా. ఊఁ, ఒలవండి.