పిండే మర

హలో… ఆఁ, నేనే వదినా. ఈ ఇంట్లో ఫోన్ మోగితే నేను కాక ఇంకెవరు ఎత్తుతారు?

…

బాగున్నాం. మీరెలా— సరే, కుశల ప్రశ్నలు వద్దంటే మానేస్తాను. చెప్పండి.

…

ఏ మిషను?

తెలియక అడగడం లేదండీ. మీ నోటితో వినాలని అడిగాను. మొన్నమొన్నటిదాకా మీకది తుప్పుముక్క కదా. ఇవాళ ఉన్నట్టుండి మిషను ఎలా అయిందా అని.

…

వ్యానా? బయల్దేరిపోయిందా? ఎవరినడిగి పంపారు?

…

మీ తమ్ముణ్ణా! బావుంది. మీ తమ్ముడికి ఈ ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుంటుందో తెలీదు. ఆయన 'సరే అక్కా' అన్నారని బట్టలుతికే మిషను తనంతట తాను నడుచుకుంటూ వచ్చి మీ వ్యానెక్కుతుందా? మీరు అడగాలే గానీ వంటిల్లు ఊడదీసి ఇవ్వమన్నా సరే అనే అంటారాయన. ఆఫీసులో ఫోన్ పెట్టేయాలి కదా మరి.

…

మీ అమ్మగారిదే. కాదని ఎవరన్నారు? అత్తయ్యగారు పోయాక ఆ ఇల్లు ఖాళీ చేసిన రోజున ఈ మాట ఎక్కడికి పోయింది? టేకు బీరువా మీ ఇంట్లో దిగింది. గోడ గడియారం మీ ఇంట్లో దిగింది. మిషను మాత్రం పాత సామాన్లవాడి బండెక్కింది. నేను గేటు దగ్గరే ఉన్నాను. 'నాకిస్తారా వదినా' అని అడిగాను కూడా. 'నీకెందుకు, వేరే పనేం లేదా' అన్నారు.

…

అన్నారండీ. పాత సామాన్లవాడి ముందరే అన్నారు. వాడు నవ్వాడు కూడా.

నిజమే లెండి. నాకేం పనుంది? వండటం, తోమటం, ఉతకటం, మీ తమ్ముడి కళ్లజోడు వెతికిపెట్టటం. ఇవీ ఒక పనులా?

…

ఎక్కడ దొరికిందని ఇప్పుడు అడుగుతున్నారా! వినండి మరి. స్కూటర్‌కి పంక్చరయితే తోసుకుంటూ వెళ్లాను. షాపతను ట్యూబు ఊడదీసి పక్కనున్న తొట్టిలో ముంచాడు. బుడగలు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూద్దామని నేనూ వంగాను. ఆ మురికినీళ్ల లోపల, తొట్టి గోడ మీద ఎర్రగీత. నీళ్లు ఇంతవరకే పొయ్యాలని అత్తయ్యగారు రంగుతో గీసుకున్న గీత. మీ అమ్మగారి మిషను వదినా. కాళ్లు విరిగిపోతే ఇటుకల మీద కూర్చోబెట్టి, పంక్చర్లు చూసే తొట్టి చేసుకున్నాడు.

…

పిండే మర కూడా అక్కడే దొరికింది. దొడ్లో, అరిగిపోయిన టైర్ల కింద. మిషను పైన రెండు రబ్బరు రోలర్లు ఉండేవి చూడండి, వాటి మధ్య తడిబట్ట దూరిస్తే నీళ్లన్నీ పిండేసి అవతలి పక్కనుంచి అట్టలా తోసేది. అదే. మీరు మర్చిపోయి ఉంటారని గుర్తు చేస్తున్నాను.

…

అప్పుడే పెట్టేస్తారా? ఉండండి. హలో?

…

ఉన్నారా. సరే. నేను చెప్పింది ఇంకా కాలేదు. వ్యాను వచ్చేదాకా మీకూ పనేం లేదు కదా.

రెండూ కొని ఇంటికి తెచ్చిన రోజున మీ తమ్ముడు దాని చుట్టూ ఒకసారి తిరిగి, 'దీన్ని మళ్లీ ఎప్పుడు పారేద్దాం?' అన్నారు. అంతే ఆయన సాయం. తుప్పు నేనే గీకాను. మోటారు వైండింగ్ చేయించాను. రోలర్ల రబ్బరు బీటలు వారి ఉంటే, అచ్చాఫీసు రోలర్లకి రబ్బరు పోసేవాళ్లని పట్టుకుని పోయించాను. మొదటిసారి రాయిలా పోశాడు, చొక్కాల బొత్తాలన్నీ పటపటా పగిలాయి. తర్వాత మరీ మెత్తగా పోశాడు, బట్ట అంటుకుపోయి రానంది. వాడు నన్ను చూస్తేనే షట్టరు దించే పరిస్థితి తెచ్చాను గానీ, చివరికి కుదిరింది. రెండు దుప్పట్లు కలిపి పెట్టినా చుక్క నీరుండదు ఇప్పుడు.

ఇక లోపల ఒక పళ్లచక్రం అసలు లేనే లేదు. అది లేక రోలర్లు కదలవు. అలాంటిది ఇప్పుడెక్కడా దొరకదు. పక్క చక్రం పళ్లు కొలిచి, అట్టముక్క మీద బొమ్మ గీసుకుని లేత్ షాపుకి వెళితే, 'సారుని పంపండమ్మా, మాట్లాడతాం' అన్నారు. సారు వస్తే చక్రానికి పళ్లుంటాయని కూడా ఆయనకి మీరే చెప్పాల్సి వస్తుంది అన్నాను.

…

గొప్పలే చెప్పుకుంటున్నా. చెప్పుకోనివ్వండి. పెళ్లయినప్పట్నుంచి ఈ ఇంట్లో నేను చేసిన పని ఏదీ సాయంత్రానికి మిగల్లేదు. వండింది తినేస్తారు, ఉతికింది మాపేస్తారు. ఇదొక్కటే, చేశాక అలాగే ఉంది.

…

మిషను నడుస్తున్న ఆ వీడియో పెట్టినందుకేనా మీ బాధ? కుటుంబం గ్రూపులో అందరూ మెచ్చుకున్నారు. మీ బాబాయిగారు కూడా మెచ్చుకున్నారు, ఆయన మనిషిని మెచ్చుకోవడం నేనెప్పుడూ చూడలేదు. మీరు మాత్రం ఒక్క ముక్క రాయలేదు. ఏకంగా వ్యాను పంపారు.

అడుగుతాను చెప్పండి, తీసుకెళ్లి ఏం చేస్తారు? సోఫా పక్కన పెట్టి మొక్కలు వేస్తారా? వచ్చినవాళ్లకి 'మా అమ్మది' అని చూపిస్తారా?

…

వాడరా. పోనీ చూపించనూ చూపించరా. మరి?

…

ఇంకోసారి అనండి.

…

పగలగొట్టిస్తారా!

…

లేదు, వినిపించింది. బాగానే వినిపించింది. నా గోళ్లలోంచి ఇంకా గ్రీజు పోలేదు వదినా, అప్పుడే మీకు సుత్తి గుర్తొచ్చిందా? నేనేం చేశానని మీకింత కచ్చ? వంట బాలేదంటే పడ్డాను. బిడ్డని పెంచడం రాదంటే పడ్డాను. మీరు పెద్దవారని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. మీరు పారేసింది ఏరుకుని బాగు చేసుకుంటే అదీ ఓర్వలేరా? నా చేతిలో పడ్డది ఏదీ బాగుపడకూడదా మీకు?

…

పాపా? పాప సంగతి ఇప్పుడెందుకు?

…

పెరట్లో ఆడుకుంటోంది. వీడియోలో చూశారుగా, దుప్పటి తనే పెట్టింది రోలర్లలో. ఆ పనంటే సరదా దానికి, స్కూల్నుంచి రాగానే—

…

ఎందుకలా అరుస్తారు? చెవి పోయింది.

…

మిషను ఆపే ఉంది. … ఆపే ఉందంటున్నానా! … సరే, సరే, చూస్తాను, ఉండండి. … పాపా! అక్కణ్ణుంచి లే. ఏమీ లేదు, ఊరికే, ఇలా వచ్చి వరండాలో కూర్చో. … లేదు, తిట్టడం లేదే. కూర్చో.

ప్లగ్గు పీకేశాను. చాలా? ఇప్పుడు చెప్పండి, ఏమిటిదంతా?

…

ఏ చెయ్యి?

…

మీ ఎడమ చెయ్యి… ఆ వేళ్లు తలుపు సందులో పడి కదా వంకరపోయాయి. చిన్నప్పుడు. మీ తమ్ముడూ అదే చెప్పారు నాకు. అందరూ అదే—

…

…

తలుపు కాదా.

…

వింటున్నాను. చెప్పండి.

…

రుమాళ్లు పెడుతూ… ఆఁ… మర మీ గౌను చేతి అంచు పట్టుకుని లాగేసిందా.

…

మణికట్టు దాకానా?

…

అత్తయ్యగారు ఎక్కడున్నారప్పుడు? … ఆరేస్తున్నారా. పైన మీట ఉంటుంది కదా, అది కొడితే రోలర్లు విడిపోవాలి… బిగుసుకుపోయిందా. … అయ్యో. … స్విచ్చు వసారాలోనా. అక్కడిదాకా పరిగెత్తి…

…

మామయ్యగారికి తలుపని చెప్పమన్నారా?

…

అవును. ఆయన కోపం నేనూ చూశాను. 'పిల్లని మిషన్లో పెట్టావా' అని ఆవిణ్ణి ఆ ఇంట్లో బతకనిచ్చేవారు కాదు. అందుకని మీరు… అంతచిన్న పిల్ల… డాక్టరు దగ్గరా తలుపే అన్నారా.

…

మామయ్యగారు పోయాక కూడా చెప్పలేదా ఎవరికీ? తమ్ముడికి కూడా?

…

ఉండండి. ఉండండి వదినా. ఆ పళ్లచక్రం. అది అరిగిపోయి ఊడిపడలేదా?

…

ఆవిడే విప్పేశారా. నూతిలో పడేశారా.

…

బోల్టు మాత్రం మళ్లీ బిగించి ఉంది. నేను చూశాను. శుభ్రంగా, గట్టిగా బిగించి ఉంది. అబ్బ, ఎంత పద్ధతిగా బిగించారో అనుకున్నాను గానీ, చక్రం లేనిచోట బోల్టెందుకు బిగించారని అనుకోలేదు. నేను కాపరానికొచ్చిన కొత్తలో ఆవిడ దుప్పట్లన్నీ చేత్తోనే పిండేవారు, ముంజేతులు వాచిపోయేవి. మర బాగు చేయిద్దామని నేనంటే 'నీ పని నువ్వు చూసుకో' అనేవారు. పిసినారితనం అనుకున్నాను. అట్టముక్క మీద గీసి మరీ… పళ్లు లెక్కపెట్టి మరీ చేయించాను.

…

జాలి పడటం లేదండీ. కోపం వస్తోంది.

మీ మీదే. ఇంకెవరి మీద?

…

ఎందుకా? గేటు దగ్గర నేను నోరు తెరిచి అడిగినప్పుడు ఒక్క మాట చెబితే పోయేదిగా! 'ఇది వద్దు, దీన్లో నా చెయ్యి పడింది' అని. అంతకంటే 'వేరే పనేం లేదా' అనడం తేలికయింది మీకు. నా కూతురు రోజూ ఆ రోలర్ల ముందు నిలబడుతోంది వదినా. నేను పక్కన నిలబడి వీడియో తీశాను. మీరు నన్నో మనిషి కింద జమకట్టి ఉంటే—

…

అరవండి. నాకూ వచ్చు అరవడం. మీకు మీ అమ్మ పరువు ముఖ్యం. నాకు నా పిల్ల వేళ్లు ముఖ్యం. ఇవాళ కూడా నిజం చెప్పకుండా వ్యాను పంపారు! నేను ఇచ్చేసి ఉంటే, జన్మంతా మిమ్మల్ని తిట్టుకుంటూ ఉండేదాన్ని. మీరు ఆ తిట్లు పడుతూ ఉండేవారు. అదేనా మీ ఉద్దేశం?

…

అలవాటంటారా. మంచి అలవాటే.

…

బెల్లు కొడుతున్నారు. వచ్చినట్టున్నాడు మీవాడు. … పాపా, తలుపు తియ్యి. నువ్వు మాత్రం ఇక్కడికి రావద్దు.

…

ఇవ్వను. … ఇవ్వనన్నాను. పూర్తిగా వినండి. అత్తయ్యగారు మిషనుని పగలగొట్టారా? మీ చెయ్యి నలిపిన మరని ఆపేశారు. ఉతకడం ఆపలేదు. మీరు పెళ్లయి వెళ్లేదాకా మీ బట్టలు అందులోనే ఉతికారు, మీరే ఎన్నోసార్లు చెప్పారు. ఆ తొట్టి ఏ పాపం చేసింది?

కాబట్టి తొట్టి నాది. మర మీది. విప్పి పంపిస్తున్నాను, తీసుకెళ్లి మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి.

…

చక్రం ఒక్కటీ తీసేస్తే చాలదు. మీ అమ్మగారు చేసిందే అది. చక్రం తీస్తే, నాలాంటిది ఇంకెవరో వచ్చి మళ్లీ చేయిస్తుంది.

ఉండండి, స్పీకర్లో పెడుతున్నాను. రెండు చేతులూ కావాలి.

ఇటు రా బాబూ, పెరట్లోకి. … మిషను కాదు, పైనున్న ఈ రోలర్ల పెట్టె మటుకే. … మేడమ్‌గారితోనే మాట్లాడుతున్నాను, ఆవిడకి తెలుసు. నువ్వు కింద పట్టుకో, నేను బోల్టులు విప్పుతాను. … ఆఁ, నేనే. ఎందుకు విప్పలేను? బిగించింది నేనేగా.

…

ఏమిటి వదినా? … ఏడవడం లేదు. గట్టిగా బిగించానేమో, స్పానర్ జారుతోంది.

…

వద్దు. ఇప్పుడు మనసు మార్చుకోవద్దు, మళ్లీ నేను మార్చుకుంటాను. … వచ్చింది. ఇంకొకటి. … అదీ వచ్చింది.

సుత్తి ఉందా మీ ఇంట్లో? … కొనుక్కోండయితే. నాది ఇవ్వను. పెద్దది తీసుకోండి, చిన్నదానికి లొంగదు. మంచి పనితనం అది. ఎడమచేత్తో పట్టుకుని కొట్టకండి… సరే, మీకు నేను చెప్పాలా.

…

పండక్కో పబ్బానికో కాదు, ఊరికే ఒకసారి రండి. వచ్చి మీ తమ్ముడికి మీరే చెప్పండి. నేను చెప్పను. … రాకపోతే మానేయండి, నాకేం పోయింది?

ఏయ్ బాబూ, అలా కాదు! ముందు గోనెసంచి పరుచు. ఆ రబ్బరు ఇనుముకి తగలకూడదు. … తెలుసయ్యా, పగలగొట్టడానికే. అయినా సరే, దార్లో దానిమీద గీత పడిందో, నీ పని చెబుతాను.

…

నవ్వుతున్నారా వదినా? … ఏడుస్తున్నారా? … సరే, ఏదైనా మీ ఇంట్లో మీరు చేసుకోండి. నా చేతులకి గ్రీజు, ఫోనంతా పాడవుతోంది. పెట్టేస్తున్నాను.

బాబూ! గోనె అన్నానా!