వెండెల్ మబ్బులో దూరిన రోజు

మా మోంటానా లోయలో ఎవరి విమానం వాళ్ళు చేత్తో కట్టుకునే పిచ్చివాళ్ళు కొంతమందిమి ఉన్నాం. శనివారం పొద్దున్నే అందరం వెండెల్ షెడ్డులో చేరతాం. సగం కట్టిన రెక్క మీద కాఫీ కప్పులు పెట్టుకుంటాం. ఓ మూల పొయ్యి దగ్గర వాళ్ళావిడ లూయిస్ పాన్‌కేకులు వేస్తుంటుంది. నడిమధ్య కుర్చీలో వెండెల్ కోతలు కోస్తుంటాడు. ఆ పాన్‌కేకులు ఊరికే పెట్టడం లేదని, వినిపించుకున్నందుకు కూలి ఇస్తున్నారని మాలో ఒకడైన ఆర్లో అంటుంటాడు.

ఆ శనివారం మాత్రం అందరి చూపూ తలుపు వైపే ఉంది. గోట్ కనుమ మీద మబ్బు కూర్చుని ఉంది, కదిలేలా లేదు. కనుమ అవతలి ఊళ్ళో ఆ మధ్యాహ్నమే మార్నీ చెల్లెలి పెళ్ళి. మార్నీ కట్టుకున్న చిన్న విమానం బయట సిద్ధంగా ఉంది. ఆమె భర్త కిప్ రంగు కాగితం చుట్టిన బహుమతి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. విమానంలో అయితే కొండ మీంచి ఇలా ఎగిరి అలా దిగొచ్చు. ట్రక్కులో అయితే కొండ చుట్టూ తిరిగి చేరేసరికి ఉంగరాలు మార్చుకోవడం అయిపోయి కేకు ముక్కలు మిగులుతాయి.

మబ్బులో ఎగరడానికి వేరే చదువుంది. మాలో ఎవరికీ అది లేదు. మార్నీకీ లేదు. కానీ పోయిన వారమే వెండెల్ దగ్గరున్నటువంటి చవక తెర తనూ బిగించుకుంది. బయట ఏమీ కనపడనప్పుడు విమానం ఎటు ఒరిగిందో బొమ్మ గీసి చూపించే తెర అది.

"వెండెల్, మీరు ఆ తెర చూసుకుంటూ కనుమ దాటారటగా," అంది. "ఎలా దాటారు?"

వెండెల్‌ని అలా అడగడమంటే చెరువుకి గండి కొట్టడమే.

"అదేమంత పెద్ద సంగతి కాదమ్మాయ్. గొప్పలు చెప్పుకోవడం నాకు చేతకాదు, కావాలంటే లూయిస్‌ని అడుగు. జరిగింది జరిగినట్టు చెబుతా. కంపెనీ విమానాల్లో పెట్టే తెరలుంటాయి చూడు, సర్కారు ముద్ర వేసినవి, ఒక్కోటి కొత్త ట్రక్కంత ఖరీదు. మన చేత్తో కట్టుకున్నదానికి ఆ ముద్రతో పని లేదు కదా. అందుకని నేనేం చేశానంటే, అరచేయంత తెర ఒకటి, సబ్బుపెట్టెంత రేడియో ఒకటి తెప్పించుకుని, వంటింటి బల్ల మీద పరుచుకుని, తీగలన్నీ నేనే అతికాను. ఒక్కటంటే ఒక్క తీగ తప్పు పోలేదు."

"మొదటిసారి స్విచ్ వేస్తే పక్కింటివాళ్ళ గ్యారేజీ తలుపు లేచిందిగా," అన్నాడు ఆర్లో.

"అది రేడియో బలం ఆర్లో. తప్పు వేరు, బలం వేరు. సరే, అక్టోబరులో ఒక రోజు అవతలి ఊళ్ళో హకిల్‌బెర్రీ పళ్ళు కూరి కాల్చే పై ఒకటి తిని వద్దామని బయల్దేరాను. కనుమ దగ్గరికి వెళ్ళేసరికి ముందంతా తెల్లగా ఉంది. పోనీలే వెనక్కి పోదామని చూస్తే వెనకా తెల్లగానే ఉంది. ఇంకొకడైతే ఏడ్చేవాడు. నేను కాఫీ ఒక గుక్క తాగి, తెర ఉండగా మనకేంటని లోపలికి దూరాను. తెర మీద పైన నీలం, కింద గోధుమరంగు. నీలమంటే ఆకాశం, గోధుమంటే నేల. మధ్యలో గీత. ఆ గీత ఒరగకుండా పట్టుకోవడమే, ఇంకేం లేదు. బడికెళ్ళని పిల్లాడు కూడా చేస్తాడు."

"అంతేనా?" అంది మార్నీ. ఆ గొంతులో ఆశ వినపడింది.

"అంతే. కాకపోతే ఆ మబ్బు ఎంత చిక్కటిదంటే, కిటికీ సందులోంచి లోపలికి కారింది. చూస్తుండగానే మోకాళ్ళ దాకా వచ్చింది. ఫ్లాస్కు మూతతో తోడి బయట పారబోస్తూ ఒంటి చేత్తో నడిపాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెక్క చివర ఏదో గీరుకున్న చప్పుడు. ఏంటా అని చూస్తే కొండమేక. గట్టు మీద నిలబడి తీరిగ్గా నములుతోంది. దాని గడ్డం నా రెక్క దీపానికి చిక్కుకుంది."

"పోయినసారి చెప్పినప్పుడు మేక లేదే," అన్నాడు ఆర్లో.

"పోయినసారి దానికి చెడ్డపేరు రాకూడదని చెప్పలేదు. దాని కళ్ళలోకి సూటిగా చూసి, తప్పుకో అన్నాను. తప్పుకుంది."

నవ్వాం. కానీ ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. రెక్క చివర మేక ఉందంటే బండ కూడా అక్కడే ఉన్నట్టు. మా కప్పులన్నీ గోడకి కొక్కేల మీద వేలాడుతుంటాయి, ఎవరి కప్పు మీద వాళ్ళ పేరు ఉంటుంది. వాటిలో డేల్ కప్పు రెండేళ్ళుగా కదల్లేదు. డేల్ ఆ కనుమలోనే మబ్బులో దూరాడు, బయటికి రాలేదు. మార్నీ ఆ రోజుల్లో ఇంకా మాలో కలవలేదు.

"సరిగ్గా అప్పుడే తెర ఆరిపోయింది," అన్నాడు వెండెల్.

మార్నీ కప్పు కింద పెట్టింది. "ఆరిపోతే ఏం చేశారు?"

"బ్యాటరీ అయిపోయింది, పాపం దాని తప్పేముంది. నా చెవిలో వినికిడి మిషన్ తీసి, అందులో శనగగింజంత బ్యాటరీ ఉంటుందిగా, అది పెట్టాను. భగ్గున వెలిగింది. ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. కాకపోతే అది వెలిగాక ఒక తమాషా జరిగింది. అక్కడ ఒళ్ళు మనకి అబద్ధం చెబుతుంది, తెలుసా? తిన్నగానే కూర్చున్నాం అనిపిస్తుంది. ప్రమాణం చేసి చెప్పొచ్చు, అంత తిన్నగా. కానీ గాలి చప్పుడు పెరుగుతుంటుంది. ముందు సన్నగా ఉంటుంది, తర్వాత ఈలలా, తర్వాత తలుపు ఊడిపోతుందేమో అన్నట్టు. ఎందుకు పెరుగుతోందో అర్థం కాదు. తెర వంక చూస్తే నీలం ఎక్కడా లేదు. మొత్తం గోధుమరంగే."

ఇక్కడ వెండెల్ ఆగాడు. అతను మాట మధ్యలో ఆగడం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. మొత్తం గోధుమరంగంటే ముక్కు నేలవైపు తిరిగిందని అక్కడున్న అందరికీ తెలుసు.

"మరి అప్పుడు?" అంది మార్నీ.

"అప్పుడా?" వెండెల్ తేరుకున్నాడు. "అప్పుడు పాట ఎత్తుకున్నాను. గొంతెత్తి పాడుతూ విమానం నడిపే కర్రని ఇలా రెండు వేళ్ళతో లాగాను, గీత వచ్చి మధ్యలో కూర్చుంది. ఇంతలో రేడియోలో ఎవరో ఏడుస్తున్నారు. ఎవరయ్యా అంటే, పెద్ద విమానం కెప్టెన్. వెనక మూడొందల మంది జనం. అయ్యా, మా కోటి రూకల తెరలన్నిటికీ పిచ్చెక్కింది, మీ పాట వినపడి ప్రాణం లేచొచ్చింది, దారి చూపిస్తారా అన్నాడు. నా తోక చూసుకుంటూ రా నాయనా అన్నాను. అంత పెద్ద విమానం కోడిపిల్లలా నా వెనకే వచ్చింది. కనుమ దాటించి, సియాటిల్ అటు అని వేలుపెట్టి చూపించాను. అందులో ఎయిర్‌హోస్టెస్ కిటికీలోంచి నాకు వేరుశనగల పొట్లం విసిరింది."

"ఉప్పువా, తేనెవా?" అన్నాడు ఆర్లో.

"ఉప్పువి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మంచు పట్టుకుంది. రెక్కలకి, తోకకి, చక్రాలకి, బెత్తెడు మందాన. దిగి ఇంజను ఆపకుండా విమానాన్ని ముందుకి నడిపిస్తే, మంచు పెంకు ఉన్నదున్నట్టు వెనక నిలబడిపోయింది. రెండో విమానం అన్నమాట, అద్దంలాంటిది. దానికి మంచు తెర, మంచు రేడియో కూడా ఉన్నాయి. నేను హకిల్‌బెర్రీ పై తినేసి వచ్చి చూస్తే అది లేదు. ఎగిరిపోయింది. కెనడా వైపు పోతుండగా చూశామని చాలామంది చెప్పారు."

"కెనడాలో దిగేటప్పుడు రేడియోలో చెప్పిందా, చెప్పకుండానే దిగిందా?" అన్నాడు ఆర్లో. షెడ్డంతా ఘొల్లుమంది. మార్నీ కూడా కళ్ళు తుడుచుకునేంత నవ్వింది. నవ్వుతూనే లేచి కోటు తొడుక్కుంది.

"కిప్, సామాను ఎక్కించు. గీత ఒరగకుండా పట్టుకోవడమేగా. వెళ్ళిపోదాం."

ఆ పిల్ల మేకని నమ్మలేదు, మంచు విమానాన్ని నమ్మలేదు, మూడొందల మందినీ నమ్మలేదు. నమ్మకూడనివన్నీ ఏరి పారేసి, మిగిలిన ఒక్కదాన్నీ నమ్మింది. ముసలాయన తెర చూసుకుంటూ మబ్బులోంచి దాటాడు, తను కుర్రది, తనెందుకు దాటలేదు? కోతల్లో ఉండే ప్రమాదమే అది. పెద్ద అబద్ధాలకి నవ్వుతూ చిన్న అబద్ధాన్ని మింగేస్తాం.

వెళ్ళొద్దని చెప్పాలి. ఎవరం చెప్పలేదు. ఎగిరే మనిషిదే ఆఖరి మాట, పక్కవాళ్ళు వేలు పెట్టకూడదన్నది మా ఫీల్డులో మర్యాద. డేల్ వెళ్ళిన రోజు కూడా ఇలాగే మర్యాదగా కాఫీ తాగుతూ చూస్తూ కూర్చున్నాం. కిప్ బహుమతి పట్టుకుని లేచి, ఒకసారి కనుమ వైపు, ఒకసారి పెళ్ళాం వైపు చూశాడు. అతని మొహంలో నెత్తురు లేదు. అయినా తలుపు దగ్గరికి నడిచాడు.

వెండెల్ కప్పులోకి చూస్తున్నాడు.

లూయిస్ పొయ్యి కట్టేసింది. "మార్నీ, ఇలా కూర్చో."

"ఆలస్యమవుతోంది లూయిస్."

"కూర్చో అన్నాను. ఆయన కనుమ దాటలేదు. కనుమ దాకా వెళ్ళనేలేదు. మా ఇంటి వెనక గుట్ట మీదే మబ్బులో చిక్కుకున్నాడు."

"నువ్వు చూశావా? నువ్వు ఇంట్లో ఉన్నావుగా," అన్నాడు వెండెల్.

"ఇంట్లోనే ఉన్నాను. వంటింట్లో చేతి రేడియో పెట్టుకుని."

మా అందరి ఇళ్ళలోనూ ఉంటుంది అది. ఎగరడానికి వెళ్ళిన మనిషి దిగుతున్నానని చెప్పే మాట వినపడితే, ఇంట్లోవాళ్ళు బల్ల మీద కంచాలు పెడతారు.

"నీ కర్రకి బిగించుకున్నావే, మాట్లాడేటప్పుడు నొక్కే మీట, అది లోపలికి ఇరుక్కుపోయింది," అంది లూయిస్. "అది నొక్కుకుపోయి ఉంటే నువ్వన్న ప్రతి మాటా బయటికి వస్తుంది, నీకు మాత్రం ఎవరి మాటా వినపడదు. ఆ రోజు బుధవారం, వీళ్ళెవరూ గాల్లో లేరు. నేనొక్కదాన్నే విన్నాను. నువ్వు పాటేమీ పాడలేదు వెండెల్."

వెండెల్ కప్పు పక్కన పెట్టాడు.

"ఏది పైనో తెలియట్లేదు, అన్నావు. అదే మాట, మళ్ళీ మళ్ళీ. తెర బాగానే వెలుగుతోంది, ఒక్కసారి కూడా ఆరిపోలేదు. మొత్తం గోధుమరంగే ఉంది, దీనర్థం ఏంటి, దీనర్థం ఏంటి అని అరిచావు. నువ్వే అతికించుకున్న తెర, నువ్వే పదిమందికి నేర్పిన తెర. భయపడ్డ మనిషి కళ్ళకి అది ఉత్త రంగుల బొమ్మ అయిపోయింది. ఆ గాలి ఈల నాకూ వినపడింది. పొయ్యి మీద బంగాళాదుంపలు బొగ్గయిపోయినా నాకు వాసన తెలియలేదు. ఆఖరికి నది అన్నావు. మబ్బులో బొక్క పడి కింద నది కనిపించింది. నిన్ను దింపింది తెర కాదు, ఆ బొక్క."

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?" అన్నాడు ఆర్లో. ఈసారి ఎకసెక్కంగా అనలేదు.

"వచ్చాక నెలరోజులు ఈయనకి నిద్ర లేదు. మొదటిసారి ఇక్కడ కథ కట్టి చెప్పిన రాత్రి నిద్రపోయాడు. చెప్పుకోనీలే అనుకున్నాను. మేకనీ పెట్టుకోనీ, కెప్టెన్‌నీ పెట్టుకోనీ, నాకేం. కానీ ఇవాళ ఆ కథని పట్టుకుని ఈ పిల్ల మొగుణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అందులోకి వెళ్తానంటోంది."

మార్నీ తలుపులోంచి మబ్బు వంక చూసింది. తర్వాత కోటు గుండీలు పెట్టుకుంది.

"కిప్, ట్రక్కు తీయి."

"మరి పెళ్ళి?"

"కేకు తిందాం."

కిప్ పరిగెత్తినంత పని చేశాడు. ట్రక్కు రోడ్డెక్కే దాకా మేమెవరం కదల్లేదు, ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. ఆర్లో వెళ్ళి మార్నీ విమానానికి తాళ్ళు కట్టాడు.

వెండెల్ మొహం ముసలిదైపోయింది. లూయిస్ వైపు తిరిగాడు.

"అంతా విన్నావా?"

"అంతా."

"నీ పేరు పెట్టి పిలిచాను."

"విన్నాను."

"నువ్వు... ఏమైనా అన్నావా?"

లూయిస్ అతని పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పిలిచిన ప్రతిసారీ పలికాను," అంది. "నీకు వినపడదని తెలిసే పలికాను."