చోక్ లాగకుండానే

ఆ గుడ్డ అక్కడ పెట్టేసి ఇలా చూడరా తమ్ముడూ. తుడిచిందే తుడుస్తావేం? ఆ పందెం కప్పు కూడా నా కళ్ల ముందు నుంచి తియ్యి.

చోక్ లాగకుండానే స్టార్టయింది. అంత చలిలో, తాళం తిప్పీ తిప్పగానే. నాన్న ఉన్నప్పుడు ఈ కారు ఏనాడైనా అలా లేచిందా? చోక్ లాగి, కాసేపు బతిమాలి, నాలుగు తిట్లు తిడితే గానీ దగ్గుకుంటూ లేచేది కాదు. సర్లే, ఇవాళ దీనికి బుద్ధొచ్చిందనుకున్నాను. పిచ్చిదాన్ని.

పక్కన పళ్ల డాక్టరుగారి కొత్త సూపర్‌కారు. గేర్లు అదే వేసుకుంటుందట, జారబోతే కంప్యూటరే పట్టుకుంటుందట. ఆయన ఊరికే కూర్చుంటే చాలు. పాతది గొప్పా కొత్తది గొప్పా తేలుద్దాం, కొండ దారిలో టైము చూద్దాం అని కార్ల క్లబ్బువాళ్లు అన్నప్పుడు నేనెందుకు ఒప్పుకున్నాను? గెలుద్దామనా? దాని బలంలో మనదానికి పావు వంతు కూడా లేదు. ఆ మాత్రం తెలీదా నాకు?

నాన్న మాట కోసంరా. తిన్నని రోడ్డు మీద దీన్ని ఎవడైనా దాటేస్తాడమ్మా, మలుపుల్లో మాత్రం ఎవడూ అందుకోలేడు అనేవాడు కదా. పోయేదాకా అదే మాట. నిజమా, గొప్పలా? ఒక్కసారి తెలుసుకుందామనుకున్నాను. ఓడినా పర్లేదు, ఎంతలో ఓడతామో చూద్దామని.

రెండో మలుపు దగ్గర గేరు తగ్గించాను. నాన్న నేర్పినట్టే, క్లచ్ తొక్కి వదిలి, కాస్త రేజ్ చేసి, మళ్లీ తొక్కి. ఎప్పుడూ కరకరమంటూ మొండికేసే గేరు బుద్ధిగా వెళ్లి కూర్చుంది. అప్పుడు అర్థమైంది. గేర్‌బాక్స్ మారింది. ఇంజను మారింది. బ్రేకులూ నీ చేతి చలవేనా? పొగ గొట్టం మాత్రం పాతదే ఉంచావు, చప్పుడు తేడా రాకుండా. ఎంత తెలివిరా నీది.

సర్వీసింగ్ అన్నావు. షెడ్డు తాళం నీ దగ్గరే పెట్టుకుని, దుమ్ములోకి రాకు అక్కా, నీకసలే ఆయాసం అన్నావు. నేనెంత మురిసిపోయానో తెలుసా? మా తమ్ముడు నన్ను కనిపెట్టుకుని ఉన్నాడని పక్కింటావిడకి కూడా చెప్పుకున్నాను.

ఏంటీ, నా పరువు కోసమా? నా పరువు పోతోందని నీతో ఎవరన్నారు? పాత ఇంజను ఏదీ? తల దించుకున్నావంటే పాత ఇనుము కొట్టుకి పోయినట్టే. విప్పి సర్దినప్పుడల్లా దాని మూత మీద నాన్న స్క్రూడ్రైవర్‌తో ఒక గీత గీసేవాడు. ఆ గీతలైనా చూశావా, పడేసేముందు?

ఇరుకు మలుపుల్లో డాక్టరుగారు పెయింటు గీసుకుపోతుందని భయపడ్డారు, మనం గెలిచాం. ఏం గెలిచాం? పరిగెత్తినవి రెండూ కొత్తవే. నాన్న మాట నిజమో కాదో ఇంకెవరు చెప్తారు? పాపం ఆయన వచ్చి నా చెయ్యి పట్టుకుని, మీ నాన్నగారు ఉండుంటే అని కళ్లు తుడుచుకున్నారు. నేను నవ్వాను. నవ్వక ఏం చెయ్యను?

రేపు క్లబ్బుకెళ్లి కప్పు తిరిగిచ్చేస్తాను. నువ్వూ వస్తున్నావు, కారణం నీ నోటితోనే చెప్తావు.

ఇంకో మాట. ఇది విని సంబరపడకు. రెండో మలుపులోనే తెలిసిపోయింది కదా, అక్కడే ఆపేయొచ్చుగా నేను? ఆపలేదు. ఇంకా గట్టిగా తొక్కాను. ఆ పై మలుపులో అది జారకుండా, తొణక్కుండా తిరిగినప్పుడు, నాన్న నాకు గుర్తే రాలేదురా.

బండి బాగుంది. అదే నా ఏడుపు.