సర్పంచి వేలు

మళ్లా పెట్టు అక్కా. అట్ల కాదు, గట్టిగ అదిమి పెట్టు. చూసినవా, మిషన్‌ల మళ్లా ఎర్ర లైటే వచ్చింది. పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే లొల్లి. ఊరి సర్పంచివి, నీ వేలు నీదేనని చెప్పనీకి ఇంకెవరిని తీసుకురావాలె?

సరిహద్దు దాటి చర్ల దిక్కు మిర్చి ఏరనీకి పోయి వచ్చినవు గదా, పోయిన నెలంతా. గీతలన్నీ అరిగినయి. సబ్బు పెట్టినం, నిమ్మకాయ రుద్దినం, ఇంకేం జెయ్యాలె? నా దిక్కు అట్ల చూడకు సన్నక్కా. ఆ మిషన్ నేను చేసిందా ఏంది?

నా వేలు పెట్టమంటవా? కుడిచేతిది పెడుతున్న, చూడు. అగో, పచ్చగ వచ్చింది. ‘భూషణం, పంచాయితీ ఆపరేటర్’ అని పేరు గూడ చూపించింది. కంపెనీ దరఖాస్తు తెరుచుకున్నది. మీ గుట్టంతా ఇనుపరాయికి తవ్వుతరంట, ఊరికి అభ్యంతరం ఉంటే ఇయ్యాల అయిదింటిలోగ చెప్పాలంట. అన్నీ చదవనిస్తది. అభ్యంతరం అన్న కాడ నొక్కితే మాత్రం ఏమంటది? నీకు అధికార్ లేదు అని హిందీల అంటది.

నవ్వకు. నువ్వెవరో ఎరుగుడు వేరు, నీకు ఏం చేసే హక్కున్నదో చూసుడు వేరు. మీ మామిడి కొత్తల పండుగకి నేను ఏటేటా వస్త గదా? నన్ను ఎరగనోళ్లు లేరు, పేరు పెట్టి పిలుస్తరు, పక్కన కూసోబెడతరు. అట్లని పూజారి ఉండంగ మొదటి కాయ నేను కొయ్యగల్నా? కోస్తే ఊకుంటరా? ఇదీ గంతే. ఈడ పూజారివి నువ్వు. నిన్నేమో వాకిట్లనే ఆపుతున్నది.

నాలుగున్నర అయింది. ఈ ఫ్యాను గూడ తిరుగుతదా లేదా తెలుస్తలేదు. 

బయట ఎంతమంది ఉన్నరు? ఊరంతనా? మీ ఊరి పెద్ద, లక్మా ముసలాయన గూడ వచ్చిండా, గుట్ట దిగి, అంత దూరం నడిచి? ఎందుకు రమ్మన్నవ్ ఆయన్ని?

ఈ కాయితం చూడు. మొన్న గ్రామసభల అరవై రెండు మంది వేలిముద్రలు. అన్నీ మంచిగ పడ్డయి. నీది అన్నిటికంటే పైన. మీరు చెప్తుంటే రాసింది నేనే. గుట్ట ఇయ్యం అని రాస్తుంటే నడుమల కలం పక్కన పెట్టిన. నువ్వు మంచినీళ్లు తెచ్చి ఇచ్చినవు, జరమొచ్చిందా తమ్ముడూ అని.

ఆగు. చేతులు కడగనీకి పోకు. ఇంక కడగకు అక్కా, ఈడ కూసో.

నీ వేలు అరగలే. అరిగినా అరగకున్నా ఒకటే. ఈ మిషన్‌ల నీ వేలు లేనే లేదు.

నువ్వు గెలిచిన వారం యాదికున్నదా? నీ పేరు ఎక్కించే రోజు ఇట్లనే వేలు పడలే. మిర్చికి పోయే జీపు బయట హారన్ కొడుతున్నది, నీతోటి కూలికి వచ్చే సుక్కా బిడ్డనెత్తుకొని అరుస్తున్నది. నువ్వే ఏదన్న చెయ్యి తమ్ముడూ అని ఎక్కిపోయినవు. నా ఎడమచేతి బొటనవేలు పెట్టిన. నీ పేరు మీద. అప్పటి నుంచి ఈ చెయ్యి పెడితే మిషన్‌కి నేనే సన్నక్కను.

పెన్షన్లు, ఇండ్లు, రేషన్ కార్డులు, మూడేండ్లు అన్నీ ఈ వేలితోనే పాస్ చేసిన. ఒక్కటన్న ఆగిందా? ఈ ఆపరేటర్ ఉంటే ఆఫీసుల చుట్టు తిరుగుడు లేదని మీ ఊరోళ్లే అన్నరు.

అయితే ఆ చెయ్యే పెట్టు అంటవు. నిన్న పెట్టిన. తెరుచుకున్నది. అభ్యంతరం కాడ ఏమీ లేదు. సర్పంచి ముందే ఒప్పుకున్నది అని రాసున్నది.

నువ్వు కాదక్కా. నేను.

గ్రామసభకి వారం ముందు కంపెనీ మనిషి వచ్చి ఈ కుర్చీలనే కూసున్నడు. గని మొదలైతే వాళ్ల ఆఫీసుల నాకు పర్మినెంటు పని అన్నడు. పెండింగుల ఏదో ఉన్నది, చూడకుండ నొక్కిన అని చెప్పాలనుకున్న నీకు. రెండు రాత్రులు అదే అనుకున్న. అబద్ధం అది. చూసిన. హిందీ నాకు మంచిగ వస్తది, మొత్తం చదివిన. ఎట్లైనా పోయే గుట్టే గదా, వీళ్ల మాట ఎవడింటడు అనుకున్న. చదివి, వేలు పెట్టిన.

పొద్దున్నుంచి నీ చేతులు ఊకె ఎందుకు కడిగించిన్నో తెలుసా? అయిదు అయితే అయిపోతది, తప్పు మిషన్ మీదికి పోతదని.

తిట్టు. తిట్టవా? తమ్ముడూ అనకు గని, ఏదన్న అను.

సరే, లే. తలుపు తియ్యి. లక్మా ముందర నేనే చెప్త. తొందరగ తియ్యి అక్కా, నా సంగతి నాకు తెలుసు. ఇంక జరసేపు ఈ గదిలనే ఉంటే, బయటికి పోయి సర్వర్ పని చేస్తలేదని చెప్పేస్త.