ఫ్లాస్కులో వడగండ్లు

రంజాన్ నెల. నుస్రత్, యమునక్క ఇబ్రహీంపట్నం అవతలి గుట్ట సగం ఎక్కేసరికి ఎండ మాయమై మబ్బు ఉరిమింది. రోజా ఉపవాసంతో ఉన్న నుస్రత్‌కు నాలుక పిడచగట్టుకుపోయింది.

“ఇంకా పైకి పోదామా, అక్కా?”

“వద్దు, పిడుగు పడ్తది. గీ బండ చాటుకు రా.”

అంతలోనే వడగండ్లు టపటపా రాలాయి.

“నుస్రత్, గివి నోట్ల పడ్తే రోజా పోతదా?”

“మింగితే పోతది.”

“చేతుల పట్టుకుంటే?”

“ఏం గాదు.”

యమునక్క నిండు ఫ్లాస్కు ఒంపేసి, వడగండ్లు ఏరి నింపసాగింది.

“అయ్యో, మంచినీళ్లు పారబోసినవేంది?”

“ఇఫ్తార్ల గీ నీళ్లతోని షర్బత్ చేద్దాం.”

“అప్పటిదాంక కరిగిపోవా?”

“కరిగితే కరగనీ. జర నాకు గూడ ఓ గ్లాసు పొయ్యి. పొద్దుగాల్నుంచి నేను గూడ చుక్క తాగలే.”