మూడు చుక్కలు

పటంలోని మూడు చుక్కలూ ఒకే గీత మీద పడతాయో లేదో తేల్చి నిరూపించమన్నది, దుర్గ్‌లో పోటీకి పంపేవాళ్లని ఎంచడానికి స్కూల్లో ఇచ్చిన లెక్క. ప్లాంటు డ్రాయింగ్ ఆఫీసు నుంచి వచ్చిన తండ్రి, సైకిలుకి స్టాండు వేస్తూనే కూతుర్ని అడిగాడు.

"సర్ ఏటన్నారమ్మా?"

"పడతాయట నాన్నా. నేను కొట్టేసిన ప్రూఫే సహీ అన్నారు."

నిన్న తన స్టీలు స్కేలు పెట్టి చూసి, మధ్య చుక్క వెంట్రుకవాసి పక్కకుందని, రెండు పేజీల ప్రూఫు కొట్టేయించి, 'పడవు' అని రాయించింది ఆయనే.

"నీ పెన్సిలు మొన అరిగిపోయుంటాది. బొమ్మ అందుకే తేడా వచ్చుంటాది."

"అవును నాన్నా."

ఆ 'అవును' ఆయన్ని నిలవనివ్వలేదు.

"కాదులే. ఆఫీసులో ప్రతి డ్రాయింగు మీదా నేనేటి రాస్తానో తెలుసా? 'బొమ్మని కొలవొద్దు, రాసిన అంకెలే చూడండి' అని. పదిహేనేళ్ల నుంచి రాస్తన్నాను. ఇంటికొచ్చి నీ బొమ్మని కొలిచాను."

"పోనీలే నాన్నా."

"మరి దుర్గ్‌లో పోటీకి?"

"పై క్లాసు మణిమాల దీదీని పంపుతున్నారు."

"మా నాన్న కొట్టేయమన్నాడని సర్‌కి చెప్పకపోయావా?"

"నాకే డౌటొచ్చిందని చెప్పాను."

"నిజంగా వచ్చిందేటి?"

"లేదు. రెండుసార్లు చూసుకున్నాను. ఎక్కడా తప్పు లేదు."

"మరెందుకు కొట్టేశావమ్మా?"

"నువ్వు చెప్పావు కదా, నాన్నా."