పెనమలూరులో ఇటలీ వంట

హలో… ఆ, నేనే. కృపానందాన్ని.

… ఆ, చేశాను. నాలుగుసార్లు చేశాను. నువ్వే ఎత్తలేదు.

… తెలుసు మణెమ్మా. నాతో మాట్లాడి ఏడాదయింది. ఇవాళ కూడా మాట్లాడక్కర్లేదు. అడిగినదానికి ఒక్క సమాధానం చెప్పి పెట్టెయ్.

… ఆత్మల పండగ పూట ఇంకెక్కడుంటాను? సమాధుల తోటలోనే. మీ అక్క పక్కనే కూర్చున్నాను. పొద్దున్నే సున్నం వేశాను. బంతిపూలు పరిచాను. కొవ్వొత్తులే నిలవట్లేదు. వెలిగించినవి వెలిగించినట్టు ఆరిపోతున్నాయి.

… గాలే. ఇంకేముంటుంది.

… మంగళగిరిలో గాలి లేదా? మీ ఆయన అదృష్టవంతుడు.

… సరే, దెప్పట్లేదు. విను. ఫాదర్ గారు గేటు దగ్గర మొదలెట్టారు. ఒక్కో సమాధి దగ్గర ఆగి, ప్రార్థన చేసి, తీర్థం చల్లుకుంటూ వస్తున్నారు. మాది చివరి వరస. ఆయన ఇక్కడికి వచ్చేలోపు నాకు తెలియాలి.

మీ అక్కకి ఏ తిండి ఇష్టం?

… వినపడింది కదా. మళ్ళీ అడిగించకు.

… నవ్వుకో. నవ్వడం అయ్యాక చెప్పు.

… ఎందుకు అడుగుతున్నానా? నిరుడు ఇదే చోట నువ్వన్న మాటకి అడుగుతున్నాను. పోయినవాళ్ళకి ఇష్టమైంది తెచ్చి సమాధి మీద పెట్టాలి. అందరూ పెడతారు. నేను కోడికూర, గారెలు పెట్టాను. నువ్వు తోటంతా వినేట్టు అన్నావు. "బావా, ఇవి నీకు ఇష్టమైనవి. మట్టిలోకి వెళ్ళాక కూడా అక్క నీ కంచమే చూస్తూ కూర్చోవాలా" అని. కొవ్వొత్తులు వెలిగించుకునేవాళ్ళు కూడా ఆపి నా మొహం చూశారు.

… అబద్ధమని అనట్లేదే. నిజం కాబట్టే ఏడాదిగా నా గొంతు దిగట్లేదు.

… ఈసారి నాలుగు డబ్బాలు తెచ్చాను. నాలుగు హోటళ్ళ నుంచి. ఇటలీ వంట.

… ఇటలీ. ఆ, ఆ ఇటలీయే. మీ ఊళ్ళో బంగళా కట్టుకుని ఉన్న తెల్ల ఫాదర్ల దేశం. వాళ్ళ వంటింట్లోనేగా మీ అక్క పెళ్ళిదాకా పనిచేసింది.

… మతి బాగానే ఉంది. చెప్పేది విను. ఆఖరిసారి ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు. స్కూటర్ మీదే తీసుకెళ్ళాను. పోరంకి సెంటర్ దాటాక వెనక నుంచి భుజం తట్టింది. "ఇటలీ వంటంట, బోర్డు పెట్టారు. ఒక్క నిమిషం ఆపండి" అంది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపరంలో దారిలో ఆపమని అదొక్కసారే అడిగింది.

… లేదు. ఆపలేదు.

… డాక్టర్ వెళ్ళిపోతాడన్నాను. వచ్చేటప్పుడు చూద్దాంలే అన్నాను. వచ్చేటప్పుడు… వారం తర్వాత వ్యానులో వచ్చింది. ఆ బోర్డు ముందు నుంచే వచ్చాం. లైట్లు వెలుగుతున్నాయి. లోపల జనం తింటున్నారు.

…

ఉన్నావా?

… తిట్టు. తిట్టినంతసేపు తిట్టు. ఫాదర్ గారు మాత్రం ఆగరు.

… ఇప్పుడెందుకంటే… ఇంట్లో వాసన వస్తోంది మణెమ్మా.

… గ్యాసు కాదు. గ్యాసు వాసన నాకు తెలియదా? వెన్న కాగినట్టు, అందులో ఆకేదో మాడినట్టు. మధ్యాహ్నం పూట. నేను అన్నం తిని లేస్తానా, పెరట్లో చెయ్యి కడుక్కుంటుంటే వస్తుంది. వెనకే వంటింట్లో కంచం నేల మీద పెట్టిన చప్పుడు.

… రోజూ కాదు. వారానికి రెండు మూడుసార్లు.

… చూడకుండా ఉంటానా? పరుగెత్తి చూశాను. పీట ఉంటుంది. పొయ్యి చల్లగా ఉంటుంది. ఇంకేమీ ఉండదు. నేను తిన్నాకే కదా మీ అక్క తినేది. ఆ తలుపు దగ్గరగా వేసుకుని, ఆ మూల కూర్చుని. ఏం తినేదో నేను తొంగి చూసిన పాపాన పోలేదు. ఇప్పుడు చూడబోతే కనపడదు.

… నేనా, భయపడటమా? ముప్పై ఏళ్ళు కాలవ లస్కరుగా నీళ్ళ తలుపులు తిప్పాను. లాకుల దగ్గర ఒక్కణ్ణే పడుకున్నాను. కాలవలో కొట్టుకొచ్చిన శవాల్ని గెడతో ఒడ్డుకి లాగాను. ఒక్క దయ్యం నన్ను పలకరించలేదు. ఇది దయ్యం కాదు. ఇది మీ అక్క.

… చెప్పాను. ఫాదర్ గారు వచ్చి ఇల్లంతా తీర్థం చల్లారు. మర్నాడు ఇంకా ఎక్కువ వచ్చింది.

… అందుకే తిరిగాను. ఆ వాసన ఏ వంటదో పట్టుకుంటే, అదే తెచ్చి పెడితే, కడుపు నిండి పడుకుంటుందేమోనని. కానూరు నుంచి గంగూరు దాకా ఇటలీ బోర్డు ఉన్న ప్రతి కొట్టూ ఎక్కాను. మనం ఊడ్పులు ఊడ్చిన చేలన్నీ ఇప్పుడు ఇటలీయే మణెమ్మా.

… చెప్తాను. మొదటి డబ్బా కానూరుది. కాలేజీల దగ్గర, మేడ మీద. నేను లోపలికి వెళ్ళేసరికి ఎవరి నాన్నో వచ్చాడనుకుని రెండు జంటలు లేచి వెళ్ళిపోయాయి. ఎర్ర పులుసులో గొట్టాలు. పైన కొత్తిమీర. మనవాళ్ళు ఏ దేశపు వంట మీదైనా కొత్తిమీర చల్లకుండా ఊరుకోరు.

… కాదు కదా? నేనూ కాదనే అనుకున్నాను.

… రెండోది పోరంకి. అది ఆపమన్న కొట్టే.

… ఆ. వెళ్ళాను. ఇప్పుడు వెళ్ళాను.

… లోపల చల్లగా ఉంది. కూర్చోగానే రెండు గ్లాసుల్లో నీళ్ళు పెట్టారు. ఒక్కణ్ణే అన్నాను. ఆ పెట్టిన అమ్మాయి నా పక్క కుర్చీ వైపు చూసింది. మళ్ళీ నా మొహం చూసింది. రెండో గ్లాసు తీసుకెళ్ళిపోయింది.

… అంతే. ఏం చూసిందో నేనడగలేదు.

… రొట్టె. మీద జున్ను లాంటిది, పీకితే బంకలా సాగుతోంది. వాసన అది కాదు. మూడోది గంగూరు అవతల కాలవ గట్టు మీద. నేను తలుపులు తిప్పిన కాలవే. మొన్నటిదాకా అక్కడ బిర్యానీ అమ్మేవాళ్ళు. తిరుపతిరావని యజమాని. ఇటలీ వంట ఎక్కడ నేర్చుకున్నావంటే, "ఫోన్లో చూసి నేర్చుకున్నాను బాబాయ్, మీకు నచ్చకపోతే బిర్యానీ కూడా ఉంది" అన్నాడు. నలుగురిలో నిజం చెప్పింది వాడే. తెల్లటి దారాలు, పాలల్లో ఉడికించినట్టు. అదీ కాదు.

… నాలుగోది ఇక్కడే, పెనమలూరులో. సందు చివర. సాయిశ్రీ అని ఒకమ్మాయి ఇంటి ముందు వసారాలోనే ఆరు బల్లలు వేసింది. ఆమెకి పేరు చెప్పలేను కదా. బంగాళాదుంప ఉడికించి, మైదాతో కలిపి, వేలెడంత ముద్దలు చేసి, వాటి మీద ఫోర్కుతో గీతలు గీసేది అన్నాను. వెంటనే అర్థమైంది. లోపలికి రమ్మంది. నా కళ్ళ ముందే చేసింది.

… ఎలా తెలుసంటే… తెలుసు.

… నువ్వు చెప్పకు. నేనే చెప్తాను. పెళ్ళైన ఏడాదే. నువ్వు పన్నెండేళ్ళ పిల్లవి, మా ఇంటికి వచ్చున్నావు. నేను కాలవ మీద నుంచి వచ్చేసరికి అది ఆ ముద్దలు చేసి కంచంలో పెట్టింది. పొద్దుట్నించి చేసిందని నువ్వే అన్నావు. నేను ఒక్కటీ నోట పెట్టలేదు. దొరల ఎంగిలి వంట నా ఇంట్లో చెయ్యకన్నాను. కంచం ఎత్తి కోళ్ళకి వేశాను.

… ఆ. అది వెళ్ళి నాకు అన్నం వండింది. ఆ ముద్దలు మళ్ళీ ఎప్పుడూ చెయ్యలేదు.

… మర్చిపోతే ఈ గీతల సంగతి ఎలా చెప్పగలను మణెమ్మా? ఆ రోజు మట్టిలో పడ్డప్పుడు ఒక్కో ముద్ద మీదా గీతలు కనపడ్డాయి. కోళ్ళు పొడుస్తుంటే చూశాను.

… ఆ, వాసన. మా పెరట్లో వామాకు పొద ఉంది కదా, మీ అక్క వేసింది. ఫాదర్ల దేశపు ఆకు ఇక్కడ దొరక్క బంగళాలో వామాకే వెన్నలో వేయించేవాళ్ళని అది ఎవరితోనో అంటుంటే విన్నాను. నాలుగు ఆకులు జేబులో వేసుకెళ్ళాను. సాయిశ్రీ వెన్న కాచి వేసింది. అదే. అదే వాసన. నేను గోడ పట్టుకున్నాను. ఆ అమ్మాయి కుర్చీ తెచ్చి వేసి, ఎవరి కోసం బాబాయ్ గారూ అని అడిగింది. మా ఆవిడకన్నాను. "మరి ఆంటీని కూడా తీసుకురావలసింది, వేడిగా తింటేనే బాగుంటుంది" అంది.

… ఏం చెప్తాను? తీసుకెళ్ళి పెడతానన్నాను.

… ఫాదర్ గారు ముందు వరసకి వచ్చేశారు. ఇక చెప్పు. ఇదే కదా మీ అక్కకి ఇష్టం? ఇదేనని ఒక్క మాట చెప్పు. మూత తీసి పెట్టేస్తాను.

…

మణెమ్మా.

… కాదా?

… అసలు తినలేదంటే?

… ఒక్కసారి కూడానా? వండిన మనిషి తినకపోవడమేంటి?

… ఆ… ఆ… వంటవాళ్ళకి వెనక చావడిలో అన్నం, పచ్చడి. ఫాదర్లది ఫాదర్లకే. ఉప్పు చూడటానికి వేలు ముంచడమే. సరే. మరి నాకెందుకు వండింది?

… దానికి తెలిసిన గొప్ప వంట అదొక్కటే. ఆ.

…

మరి ఆ రోజు ఎందుకు ఆపమంది? తనకి తినాలని లేకపోతే, అంత జ్వరంలో, ఆ బోర్డు చూసి ఎందుకు ఆపమంది?

… నీతో అందా? ఎప్పుడు?

… ఆ వారంలోనే. ఆసుపత్రి మంచం మీద నుంచి, ఫోన్లో.

… ఏమందో ఉన్నదున్నట్టు చెప్పు. నన్ను చూసి తగ్గించకు.

… "కొన్నదైతే… కొన్నదైతే మీ బావ పారెయ్యడు" అందా.

…

"తింటుంటే ఎదురుగా కూర్చుని చూడాలి" అందా.

…

ఇక్కడే ఉన్నాను. ఏం లేదు. కొవ్వొత్తి ఆరింది.

… ఈ మాట దగ్గర పెట్టుకునే నిరుడు నన్ను అందరిలో కూరకీ గారెలకీ తిట్టావు. ఇది చెప్తే సరిపోయేది కదా.

… నేను వినే మనిషిని కాదు. అవును. కాదు.

… మరి దానికి ఇష్టమైంది ఏది? నాకు తెలీదు సరే, తోడబుట్టినదానివి. నీకు తెలిసే ఉంటుంది.

… ఆలోచించు. చిన్నప్పుడు.

…

నీకూ తెలీదా.

… మీ ఇంట్లో కూడా అందరూ తిన్నాకే తినేదా. ఏది మిగిలితే అది. చాల్లే. ఏడవకు. నువ్వు ఏడిస్తే నాకేం చెయ్యాలో తోచదు.

… ఏం పెడతానా? ఆగు. ఆగు, ఫోన్ సమాధి మీద పెడుతున్నాను. స్పీకర్ వేశాను. వినపడుతోందా?

… డబ్బా తీస్తున్నాను. నాలుగోది. చల్లారింది. వెన్న పేరుకుంది. గీతలున్నాయి. వేలికి తగులుతున్నాయి.

… నేనే. నేనే తింటున్నాను.

…

ఫాదర్ గారూ, మీరు పక్కవాళ్ళది కానిచ్చి రండి. ఇంకా భోజనం అవలేదు… నాదేనండి. నా భోజనమే.

…

ఎలా ఉందా? మెత్తగా ఉంది. ఇంక అడక్కు. ముప్పై ఏళ్ళ నాడు మట్టిలో పోసినదాన్ని ఎలా ఉందని చెప్పను?

… ఆ, జనం చూస్తున్నారు. సమాధి మీద పెట్టింది తీసుకుని తింటున్నాడనుకుంటారు. అనుకోనీ. నేను తినందే అది ఏనాడూ ముద్ద ముట్టలేదు. నాలుగు డబ్బాలు ముందు పెట్టి నేను చేతులు ముడుచుకు కూర్చుంటే ఎలా తింటుంది?

… అయిపోవస్తోంది… లేదు. సగం ఉంచాను. మిగిలిందే తినేదిగా. ఈసారి బాగానే మిగిల్చాను.

… కొవ్వొత్తి మళ్ళీ వెలిగించి పక్కన పెట్టుకుని, ఇటు తిరిగి కూర్చున్నాను. వీపు దాని వైపు పెట్టి. ఒకరు చూస్తుంటే తినదు.

… నువ్వు కూడా వినకు. పెట్టెయ్ మణెమ్మా.

… ఆరలేదు. కొవ్వొత్తి నిలబడింది.

… పెట్టెయ్. మీ అక్క తినడానికి కూర్చుంది.